గుండ్రటి గడిలో నాగేశ్వరి

పెళ్ళి భోజనాల కాంట్రాక్టు పట్టేవాళ్ళకి కోనసీమలో రెండే భయాలు. ఒకటి వాన, రెండోది కొత్తపేట నాగేశ్వరి. వానకైతే షామియానా వేసుకోవచ్చు. నాగేశ్వరికి వేసేదేమీ లేదు. నాలుగు రకాల స్వీట్లు వేసినా ఆవిడ పట్టుకునేది పప్పులో ఉప్పునే.

ఆవిడకి ఫోన్‌లో ‘విస్తరి కబుర్లు’ అని ఒక పేజీ ఉంది. పెళ్ళిలో తిన్న మర్నాడు పొద్దున్నే కాఫీ తాగి, ముందురోజు భోజనం గురించి ఐదారు నిమిషాలు మాట్లాడి, బొమ్మ లేకుండా గొంతు మాత్రం అందులో పెడుతుంది. “ముద్దపప్పు బాగుంది. మావిడికాయ మాత్రం పప్పుని పలకరించి వెళ్ళిపోయింది” అంటుంది. “పనసపొట్టు కూరలో ఆవ పెట్టారని పెళ్ళికొడుకు మేనమామగారు చెప్పారు. పెద్దాయన కాబట్టి నమ్ముతున్నాను” అంటుంది. ఎవరినీ తిట్టదు. తిడితే బాగుండునని వంటవాళ్ళు అనుకునేలా మాట్లాడుతుంది. అమలాపురం నుంచి రాజమండ్రి దాకా ఆడపెళ్ళివాళ్ళు ఆ మాటలు విన్నాకే అడ్వాన్సు ఇస్తారు.

నాగేశ్వరికి చూపు లేదు. పందొమ్మిదో ఏటికి పూర్తిగా పోయింది. పేజీలో మాత్రం ఆ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు. కాకినాడలో ఒక ఆఫీసులో టెలిఫోన్ ఆపరేటరుగా పనిచేసి, ఆ టెలిఫోన్ బోర్డునే ఎత్తేశాక ఇంటికొచ్చేసింది. భర్త భాస్కరం పురోహితుడు. ఆయన పీటల దగ్గర మంత్రాలు చెబుతుంటే, నాగేశ్వరీ, మరిది భార్య మధులతా భోజనాల బంతిలో పక్కపక్కన కూర్చుంటారు. నాగేశ్వరి తినేటప్పుడు నోరు విప్పదు. మాట్లాడితే రుచి చెదిరిపోతుందని ఆవిడ నమ్మకం.

అందుకే వడ్డించేవాళ్ళు ఆవిణ్ణి అడగరు. నల్లద్దాలు చూసి మధులతనే అడుగుతారు, “ఈవిడకి పులిహోర వెయ్యమంటారా అండీ?” అని. నాగేశ్వరికి ముప్ఫై ఏళ్ళుగా అలవాటైన మాటే. బట్టల కొట్లోనూ అంతే, డాక్టరు దగ్గరా అంతే, పక్కనున్న మనిషిని అడుగుతారు. ఒక్క పేజీలోనే జనం నేరుగా, “నాగేశ్వరిగారూ, మా అమ్మాయి పెళ్ళికి ఎవర్ని పెట్టుకోమంటారు?” అని అడుగుతారు. తెర మీదున్న అక్షరాలన్నీ పైకి చదివే గొంతొకటి ఆవిడ ఫోన్‌లో ఉంది. ఇంట్లోవాళ్ళు దానికి ఫోనమ్మ అని పేరు పెట్టుకున్నారు. రోజూ సాయంత్రం వసారాలో కూర్చుని ఆ ప్రశ్నలన్నీ ఫోనమ్మ చేత చదివించుకుని జవాబులు చెప్పడం నాగేశ్వరికి కాఫీ కంటే ఎక్కువ.

తోడికోడళ్ళిద్దరికీ అన్నిటా పొత్తే కానీ, పెళ్ళినుంచి తిరిగొచ్చేటప్పుడు రావులపాలెం బస్సులో మాత్రం తప్పకుండా దెబ్బలాట అయ్యేది.

“బొబ్బట్టు మీద నెయ్యే లేదే!” అనేది నాగేశ్వరి.

“అయ్యో అక్కయ్యా! మునిగిపోయింది కదా!” అనేది మధులత.

“నీ నాలుక కాదే, నీ మొహమాటం మాట్లాడుతోంది.”

ఒకే బంతిలో, మోచెయ్యి మోచెయ్యి తగిలేలా కూర్చుని తిన్న ఇద్దరికీ రెండు పెళ్ళిళ్ళు ఎలా కనబడతాయో కండక్టరుకి కూడా అంతుపట్టేది కాదు.

మాఘమాసం ముహూర్తాలు మొదలవుతాయనగా ఒక పొద్దున్న ఫోనమ్మ చావు కబురు చల్లగా చదివింది. ఈ పేజీ అసలు మనిషిది కాదని ఫిర్యాదులు వచ్చాయట. మీరు మీరేనని వారం లోపల నిరూపించుకోండి, లేకపోతే పేజీ శాశ్వతంగా తొలగిస్తాం అని దాని సారాంశం.

ఆవిడ ఇంట్లో ఇంకా ఎవరికీ చెప్పకముందే క్యాటరింగ్ దుర్గాసాయి భాస్కరానికి ఫోన్ చేశాడు. “అమ్మగారి పేజీ పోయిందటండీ? పాపం! ఎవరి పనో ఏంటో!” అని తెగ బాధపడ్డాడు. పనసపొట్టు కూర ఆయనదే.

“ఈయనకెలా తెలిసిందే?” అన్నాడు భాస్కరం.

“ఆవ ఘాటు ఇప్పుడు ముక్కుకెక్కిందండి” అంది నాగేశ్వరి.

సరే, నిరూపించుకుందాం అని కూర్చుంది. మొదట ఫోన్ తొమ్మిది బొమ్మలు చూపించి, పడవలున్నవి ముట్టుకోమంది. ఫోనమ్మ, “బొమ్మ, బొమ్మ, బొమ్మ” అని తొమ్మిదిసార్లు చదివి ఊరుకుంది. బొమ్మలు వద్దంటే మాటలు వినిపిస్తామంది. అవి ఇంగ్లీషు మాటలు, వెనకాల పిండిమిల్లు తిరుగుతున్నట్టు రొద. వానాకాలంలో ట్రంక్‌కాల్స్ కలిపిన చెవులు కాబట్టి నాగేశ్వరి రెండో ప్రయత్నంలోనే పట్టేసింది. “దీనికంటే మా జీఎమ్‌గారి నత్తి కష్టం” అని గర్వంగా కూడా అంది.

ఆ గర్వం ఆ పూటకే సరిపోయింది. తర్వాత మెట్టు ముఖం. కెమెరా ముందు కూర్చుని తెర మీది గుండ్రటి గీతలోకి ముఖం తేవాలి, అటూ ఇటూ తిప్పాలి, కళ్ళు ఆర్పాలి.

పని మంచిది కాబట్టి భాస్కరం పంచాంగం తీశాడు. వర్జ్యం దాటాక చేద్దామన్నాడు. వర్జ్యం దాటేసరికి సాయంత్రం అయింది. తూర్పుముఖంగా పీట వేసి కూర్చోబెట్టాడు. వెనకేమో పడమటి కిటికీ. సూర్యుడు తిన్నగా వచ్చి ఆవిడ వీపు మీద కూర్చున్నాడు. వెలుతురు చాలదని ఫోన్ మూడుసార్లు ఫిర్యాదు చేసింది.

“దక్షిణానికి తిప్పండి బావగారూ” అంది మధులత.

“శుభమా అని చేస్తూ దక్షిణముఖంగా కూర్చుంటారా ఎవరైనా?” అన్నాడాయన.

చివరికి ఉత్తరానికి రాజీ కుదిరింది. మధులత ఫోన్ పట్టుకుంది. “ఎడమకి అక్కయ్యా. నీ ఎడమ కాదు, ఫోన్ ఎడమ. అబ్బ, మరీ అంత కాదు.” గీత కుదిరిందో లేదో చూద్దామని భాస్కరం వంగాడు. పక్కింటి నాగశ్రీ కూడా గడప లోపలికొచ్చి వంగింది. ఒకటి కంటే ఎక్కువ ముఖాలున్నాయని ఫోన్ మూతి ముడుచుకుంది. తర్వాత నల్లద్దాలు తియ్యమంది. తీసింది. కళ్ళు తెరవమంది.

అక్కడ భాస్కరానికి కోపమొచ్చింది. ఫోన్ మీదికి వంగి, “ఆవిడకి చూపు లేదండీ! తెరిచినా ఒకటే, మూసినా ఒకటే! మీకెందుకండీ?” అని అరిచాడు. యంత్రాన్ని కూడా అండీ అనే ఇల్లు అది. యంత్రం మళ్ళీ, ఒకటి కంటే ఎక్కువ ముఖాలున్నాయంది.

రోజులు అలాగే గడిచాయి. ఈ మధ్యలో నాగేశ్వరి కంపెనీవాళ్ళకి తన సంగతంతా ఇంగ్లీషులో రాసి పంపింది. జవాబు చాలా మర్యాదగా వచ్చింది. మీ ఇబ్బంది మాకు అర్థమైంది, అది తెర మీద ఎక్కడుందో ఫోటో తీసి, ఎర్రగీతతో చుట్టి పంపండి అన్నారు.

ఇక రేపటితో వారం ముగుస్తుందనగా నాగేశ్వరి అందరినీ గదిలోంచి బయటికి పంపి గడియ పెట్టుకుంది. వీళ్ళకి తనంటే ఎంత ప్రేమో ఆవిడకి తెలుసు. ఆ ప్రేమంతా గీతలో పట్టడం లేదు, అదే బాధ. ఫోన్‌ని ముక్కుకి ఆనించి, చెయ్యి చాచినంత దూరం తిన్నగా వెనక్కి జరిపింది. ముఖం గీతలో పడింది. తల తిప్పింది. ఎడమకన్ను రెప్ప ఎప్పుడూ సగమే లేస్తుంది. రెండో చేతి వేలితో దాన్ని పైకెత్తి పట్టుకుంది. ఫోనమ్మ కాసేపు ఊపిరి బిగబట్టినట్టు ఊరుకుంది. తర్వాత చదివింది.

“మీ ముఖం మీ ఖాతాలోని ఫోటోతో సరిపోలడం లేదు.”

నాగేశ్వరి తలుపు తీసుకుని బయటికొచ్చింది. “ఏవండీ, నా ముఖం నాది కాదట” అంది. 

భాస్కరం ఫోన్ అందుకుని, కళ్ళజోడు పెట్టుకుని, పేజీ మీద గుండ్రటి గడిలో ఉన్న ఫోటో చూశాడు. “సరిపోలడం లేదంటే ఎందుకు సరిపోలుతుంది? ఇది మధులత కదా” అన్నాడు.



“ఎవరు?” అంది నాగేశ్వరి.

“మధులతే. మొదట్నించీ ఇదే. నీకు తెలుసుననుకున్నాను. నువ్వే పెట్టించుకున్నావనుకున్నాను.”

“ఆ గడి మీద వేలు పెడితే, ప్రొఫైల్ ఫోటో, అని మాత్రమే చదువుతుందండీ ఫోనమ్మ. ఎవరి ఫోటోనో అది చదవదు. మనుషులే చెప్పాలి.” నాగేశ్వరి ముఖం మధులత వైపు తిరిగింది. “ఏమే మధూ? ఆ రోజు, పెట్టాను అక్కయ్యా, బ్రహ్మాండంగా ఉంది అన్నావు?”

“బాగుండబట్టే అన్నాను!” మధులత గొంతు గడప అవతలికి జరిగిపోయింది. “నీ ఒక్కదాని ఫోటోలో అద్దాల్లో ఫోటోగ్రాఫరు కనపడుతున్నాడు అక్కయ్యా. అందుకని మనిద్దరం ఉన్నది పెట్టాను. ఆ గుండ్రం చుట్టూ కోసేసింది. నేను మిగిలాను.”

“నేను అసలు లేనా?”

“ఉన్నావు. నీ భుజం ఉంది. చీర అంచు కూడా ఉంది.”

“మూడేళ్ళు!”

“మారుద్దామనే అనుకున్నాను. ఈలోగా ఫోటో బాగుందని అందరూ కామెంట్లు పెట్టేశారు.”

నాగేశ్వరి కుర్చీ వెతుక్కుని కూర్చుంది. ఇంతమంది, నాగేశ్వరిగారూ, నాగేశ్వరిగారూ అని పిలిచింది ఎవరిని? అక్కడ కూడా జనం పక్కనున్న మనిషితోనే మాట్లాడారా? ఆవిడ పెదవులు బిగుసుకున్నాయి. తోడికోడలు ఏడుపు మొదలెట్టడానికి కొంగు సరిచేసుకుంటున్న చప్పుడు వినిపించింది.

అంతలో నాగేశ్వరి పెదవులు వదులయ్యాయి.

“మధూ, ఇలా రా. ఏడవడం తర్వాత. పెళ్ళిళ్ళలో నీ బొబ్బట్టు మీద నెయ్యి ఎంత పోసేవాళ్ళే?”

“మునిగేది అక్కయ్యా. నేను చెబుతూనే ఉన్నాను కదా, నువ్వే నమ్మలేదు.”

“మరి కాజాలు?”

“అడక్కుండానే మూడు వేసేవాళ్ళు. వద్దన్నా వినేవాళ్ళు కాదు. కాంట్రాక్టరుగారే స్వయంగా వచ్చి నించునేవారు. మనది పురోహితులుగారి కుటుంబం కదా, ఆ గౌరవమనుకున్నాను.”

“నేనూ పురోహితులుగారి కుటుంబమేనే. నాకు ఒకటే కాజా. దానికి పాకం కూడా సగమే.”

భాస్కరానికి ఇంకా అర్థం కాలేదు. నాగేశ్వరి కుర్చీలో ఊగి ఊగి నవ్వుతోంది. “వాళ్ళు ఇదే నాగేశ్వరి అనుకుని దీనికి పెళ్ళికొడుకు భోజనం పెట్టారండీ! నాకేమో అందరికీ పెట్టేదే పెట్టారు. నేను అది తిని, ఉన్నదున్నట్టు చెప్పాను. అసలు ముఖమే పెట్టి ఉంటే మూడేళ్ళూ నేతిలో ఈదేదాన్ని. ప్రతి పెళ్ళీ అమోఘం, అద్భుతం అని చెప్పి ఉండేదాన్ని. నా మాట ఎవరు నమ్మేవారు?”

మధులత ఏడుపు మానేసింది. “అయితే కోపం లేదా?”

“ఉంది. ఉంటుంది. అది వేరే లెక్క. ముందు ఇలా వచ్చి కూర్చో. ముఖం పెట్టు.”

భాస్కరం ఫోన్ ఇవ్వలేదు. “నాగేశ్వరీ, అది అబద్ధం కాదూ?”

“నిజం చెబుదామని వారం కూర్చున్నానండీ. వేలితో రెప్ప ఎత్తి పట్టుకుని మరీ చెప్పాను. వాళ్ళకి అక్కర్లేదు. నా మాటలన్నీ రేపు తుడిచేస్తారు. ఏం చెయ్యమంటారు, చెప్పండి?”

భాస్కరం వర్జ్యం సంగతి కూడా ఎత్తకుండా ఫోన్ ఇచ్చాడు.

మధులత ముఖం కడుక్కుని, బొట్టు దిద్దుకుని, దక్షిణముఖంగానే కూర్చుంది. తల ఇటు తిప్పింది, అటు తిప్పింది, కళ్ళు రెండుసార్లు ఆర్పింది. ఫోనమ్మ వెంటనే అందుకుంది. “ధన్యవాదాలు నాగేశ్వరీ. ఇది మీరేనని నిర్ధారించుకున్నాం.”

“అంతేనా?” అంది మధులత.

 అంత సులువుగా అవుతుందని నాగేశ్వరి అనుకోలేదు. తర్వాత చెయ్యి చాచి మధులత గడ్డం పట్టుకుని, నుదురూ ముక్కూ బుగ్గలూ ఓసారి తడిమి చూసింది, కొన్న వంకాయని చూసుకున్నట్టు. “ఇకమీదట ఈ ముఖం జాగ్రత్త. మళ్ళీ అడుగుతారేమో. నాకు చెప్పకుండా లావెక్కకు” అంది.

మాఘంలో మొదటి పెళ్ళి ద్రాక్షారామంలో. వంట దుర్గాసాయిది. తోడికోడళ్ళిద్దరూ ఎప్పటిలాగే పక్కపక్కన కూర్చున్నారు. బొబ్బట్టు వచ్చింది. మధులత విస్తరి మీద నెయ్యి ధార ఆగకుండా పడుతున్న చప్పుడు నాగేశ్వరి ఇప్పుడు శ్రద్ధగా వింది. తన విస్తరి దగ్గరికి వచ్చేసరికి అది రెండు బొట్లయింది.

మధులతకి మనసొప్పలేదు. తన నేతి బొబ్బట్టు తుంచి అక్కయ్య విస్తట్లో వెయ్యబోయింది. నాగేశ్వరి ఎడమచెయ్యి విస్తరి మీద అడ్డం పెట్టింది. “నీది నువ్వు తిను. నా కూడు చెడగొట్టకు” అని గుసగుసగా అంది.

అంతలో దుర్గాసాయి స్వయంగా వచ్చాడు. మధులత ముందు వంగి నిలబడి, “మీ పేజీ మళ్ళీ వచ్చిందని విని ఎంత సంతోషించానో నాగేశ్వరిగారూ! పనసపొట్టులో ఆవ సరిపోయిందాండీ? మొహమాటపడకండి, చెప్పండి” అన్నాడు.

నోరు విప్పితే గొంతు తెలిసిపోతుంది. మధులత గబగబా సగం బొబ్బట్టు నోట్లో కుక్కుకుని కళ్ళు పెద్దవి చేసింది.

“ఆవిడ తినేటప్పుడు మాట్లాడరండి” అంది పక్కనున్న నల్లద్దాలావిడ, ముక్కుతో పలుకుతున్నట్టు గొంతు సన్నం చేసి. “నాకు మాత్రం కాస్త కూర వేయించండి. ఇందాక వేసిన దాంట్లో ముక్కలు అందలేదు.”

దుర్గాసాయి మధులత వైపు చూసి, “ఈవిడకి వెయ్యమంటారా అండీ?” అని అడిగాడు.

మధులత బొబ్బట్టు నములుతూనే తల ఊపింది.