చుక్కాని పట్టిన కోపం

పోతురాజు పడవెక్కితే ఒళ్ళో పెట్టుకున్న పాలగిన్నె కూడా తొణకదనేవారు మా ఊళ్ళో. కాలవలు కొత్తగా తవ్విన రోజులవి. అతను చుక్కాని పట్టేవాడు. తమ్ముడు నూకయ్య తాడు కొస ఛాతీకి బిగించుకుని, గట్టు మీద నడుస్తూ పడవను లాగేవాడు. పడవ ముక్కు గట్టుకి మరీ దగ్గరైతే ఒండ్రులో దిగబడుతుంది, మరీ దూరమైతే లాగేవాణ్ణి నీళ్ళలోకి గుంజేస్తుంది. అంటే గట్టు మీద తమ్ముడి ప్రాణం పడవలో ఉన్న అన్న చేతిలో ఉండేదన్నమాట.

ఆ రోజు నేను కొబ్బరికాయలు వేసుకుని అమలాపురం వెళుతున్నాను. కాలవకి అడ్డంగా ఉండే లాకు తలుపుల దగ్గర బంట్రోతు మా పడవను ఆపేశాడు. ఎవరో దొరగారి పడవ వస్తోందట. పొద్దు నడినెత్తికెక్కినా ఏ పడవా రాలేదు. పోతురాజు దిగి వెళ్ళి, "తమరు దయచేసి వదిలేస్తే మా దారిన మేం పోతావండి బాబూ" అన్నాడు. అంతే. ఆ వెధవ కాలిజోడు తీసి, అందరం చూస్తుండగా చెంప మీద కొట్టాడు.

"ఆయ్, చిత్తవండి" అన్నాడు పోతురాజు. నవ్వుమొహం పెట్టుకుని వచ్చి కూర్చున్నాడు.

ఎప్పటికో వదిలారు. లాకు దాటాక పోతురాజు మొదలెట్టాడు. "ఒరే నూకా, తిన్న కూడంతా ఏవైందిరా? లాగు."

నూకయ్య పొద్దుటినుంచి గంజి కూడా తాగలేదు. అయినా "ఆయ్, లాగుతున్నానన్నా" అంటూ ఇంకాస్త వంగాడు. తాడు బిగిసే ఉంది, పడవ బాగానే పోతోంది.

"వాడేం చేశాడయ్యా పాపం?" అన్నాను. పోతురాజు పళ్ళు బిగించి చుక్కానిని ఒక్క తోపు తోశాడు.

పడవ ముక్కు కాలవ నడిమికి తిరిగింది. గట్టు మీద ఉండాల్సిన మనిషి లేడు.

పోతురాజు దూకేశాడు. తాడు పట్టి లాగితే నూకయ్య వచ్చాడు. నోటినిండా బురద, ఛాతీ మీద తోలు ఊడిపోయింది, ఒక చెయ్యి వెనక్కి మెలిపడిపోయింది. గట్టున పడుకోబెట్టాం. ఊపిరి లేదు. ఎవరినీ పల్లెత్తు మాట అనని మనిషి, సొంత తమ్ముడికి ఇంత పని చేశాడా అని నమ్మలేకపోయాను. పోతురాజు తమ్ముడి వీపు రుద్దుతూనే ఉన్నాడు.

చివరికి నూకయ్య దగ్గి నీళ్ళు కక్కాడు. కళ్ళు తెరిచి అన్న మొహం కోసం వెతికాడు.

"తప్పయిపోయిందన్నా, కాలు జారింది" అన్నాడు. "ఇంక గట్టిగా లాగుతాను."

బాగున్న చేత్తో తాడు కోసం తడుముకున్నాడు.