దాలమ్మ తిట్ల బీటు

కళింగపట్నంలో దాలమ్మ తిట్టడం మొదలెడితే వలలు బాగుచేసుకునేవాళ్ళు కూడా చేతులు ఆపి వినేవారు. ఎండుచేపలమ్మే ఆవిడ నోట ఒక తిట్టు ఇంకో తిట్టును తోసుకుంటూ, ప్రాస తప్పకుండా వచ్చేది.

పెళ్ళి ఊరేగింపుకని శ్రీకాకుళం నుంచి డీజే బండి తెచ్చిన ధనరాజ్, దాన్ని సరిగ్గా ఆవిడ ఇసుకలో ఆరబెట్టిన నెత్తళ్ళ చేపల మీదికి ఎక్కించాడు. "నీ బండి బోర్ల పడ, నీ డబ్బాల నోరు పడ" అని ఎత్తుకుంది దాలమ్మ. అతను బుద్ధిగా తలొంచుకుని విన్నాడు. జేబులో ఫోను రికార్డు చేస్తూనే ఉంది.

తర్వాత గజపతినగరంలో చుట్టాల పెళ్ళికెళ్ళిన దాలమ్మకి స్పీకర్లలో తన గొంతే వినిపించింది. కింద గుండెల్లో రోకలి దంచుతున్నట్టు దరువు, పైన రేకుల మీద చినుకుల్లా టిక్కుటిక్కులు, మధ్యలో ముక్కలు చేసిన తన తిట్టు: పడ, పడ, పడపడపడ. పెళ్ళికూతురి మేనమామలు దానికి చెమటలు కక్కుతూ ఎగురుతున్నారు. సిగ్గుతో ముసుగేసుకుంది గానీ, కాలు మాత్రం ఆగకుండా తాళం వేస్తోంది.

మర్నాడే వెళ్ళి ధనరాజ్ గది తలుపు తట్టింది. గోడల నిండా కోడిగుడ్ల అట్టలు అంటించిన ఆ గదే అతని స్టూడియో. ఆవిణ్ణి చూడగానే అతను కుర్చీ వెనక్కి నక్కాడు.

"సివర్న మాంచి తిట్టొకటి తిట్టినాను. అదేదిరా? అసలుదే కోసేసినావు."

మళ్ళీ రికార్డు చేద్దామన్నాడు. తీరా మైకు పెడితే దాలమ్మ నోట తిట్టు రాలేదు. అన్నం తిన్నావా బాబూ అని అడిగింది. ధనరాజ్ కాసేపు ఆలోచించి ముక్కు మూసుకున్నాడు.

"నీ నెత్తళ్ళు కంపు కొడతన్నాయత్తా."

ఇంక ఆవిణ్ణి ఆపడం అతని వల్ల కాలేదు.

కుర్రకారు దానికి 'తిట్ల బీటు' అని పేరు పెట్టారు. పొందూరులో ఒకడు వాళ్ళ మామ్మ చేత తిట్టించి బీటు కట్టాడు. పెళ్ళికొడుకుని పేరు పెట్టి తిట్టకపోతే మగపెళ్ళివారు అలిగే దాకా వచ్చింది.

ఒక సాయంత్రం ఊరి తీరంలోనే స్టేజీ కట్టి, దాలమ్మ చేతికే మైకిచ్చి పాట పెట్టారు. దాలమ్మ ఊపులో ఉండి, స్టేజీ పక్కన నీళ్ళసీసా పట్టుకుని నిలబడ్డ కోడలు కుమారి మీదికి మళ్ళింది. పులుసులో ఉప్పెక్కువని అందుకుంది. కాపురానికొచ్చిన నాటి నుంచీ అత్త ముందు కిక్కురుమనని కుమారి సీసా కింద పెట్టి, మెట్లెక్కి, మైకు లాక్కుంది.

"ఉప్పేసింది నువ్వత్తా, తప్పేసింది నా మీదత్తా, కప్పెట్టింది సాలత్తా, ఇప్పుడిప్పుతాను సూడత్తా."

ధనరాజ్ దరువు పెంచాడు. జనం ఊగిపోయారు. దాలమ్మకి పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి మాట అందలేదు. ముందు ముఖం మండింది. ఆ తర్వాత, ఎందుకో, కోడలి వంక గర్వంగా చూసింది.

"ఇంత నోరెట్టుకుని ఇన్నాళ్ళూ ఏటి సేసినావే?"

"ఇన్నానత్తా. అంతా ఇన్నాను."

ఇప్పుడు స్టేజీ మీద రెండు మైకులు. ఇంట్లో మాత్రం ఇద్దరూ మాటలు దాచుకుంటున్నారు. నోటిదాకా వచ్చిన మంచి తిట్టుని మింగేసి, పాటలోకి పనికొస్తుందని ధనరాజ్‌కి ఫోను చేసి చెబుతున్నారు. ఆ నిశ్శబ్దంలో దాలమ్మ కొడుక్కి ముద్ద దిగడం లేదు.