కొట్టం గోడలోని నాట్యకత్తె

ఓరుగల్లు కోటలో కాపురముండే వాళ్లకు రాళ్లకు కొదవ లేదు. ఎన్నడో ఢిల్లీ సేనలు కోట నడుమ ఉన్న గుడిని కూలగొట్టి పోతే, తర్వాతి తరాల వాళ్లు ఆ రాళ్లే ఏరుకొని ఇళ్లు కట్టుకున్నారు. సమ్మమ్మ అత్తగారింట్లో పశువుల కొట్టం గోడకు ఒక నాట్యకత్తె బొమ్మే రాయిగా కుదిరింది. ముక్కు కొద్దిగా చిట్లింది. నడుము కింద ఏమీ లేదు.

సమ్మమ్మ కూతురు సారలమ్మకు సరిగ్గా తన ఎత్తులో ఉన్న ఆ ముఖమే తోడు. తినే బువ్వలో మొదటి ముద్ద దాని పెదవులకు రాసేది. "అక్క తింటలేదే అవ్వా" అని అలిగేది. నాలుగేళ్లు నిండకముందే, ఒక ఎండాకాలం తట్టు పోసి ఆ పిల్ల పోయింది.

ఆ తర్వాత సమ్మమ్మ పొద్దున్నే బొమ్మ ముఖం కడిగి, పసుపు రాసి, బొట్టు పెట్టసాగింది. భర్త కొమురెల్లి చూసీ చూడనట్టు పేడ ఎత్తుకొని బయటికి పోయేవాడు.

పంతొమ్మిది వందల డెబ్బైలు ముగుస్తున్న రోజుల్లో కూలిన గుడి చోట తవ్వకాలు సాగాయి. విరిగిన ముక్కలు వెతికి, అతికించి, మళ్లీ నిలబెట్టే పని. కొమురెల్లి అందులో కూలికి కుదిరాడు. ఒకనాడు అతని గడ్డపార కిందనే గజ్జెల పాదాలు, నడుము దాకా వంపు తిరిగిన కాళ్లు బయటపడ్డాయి. పని చేయించే వెంకట్రాజం సారు మట్టి తుడిచి చూసి, "పైసగం దొరికితే ఎంత బాగుండు!" అన్నాడు.

ఆ రాయి, ఆ చెక్కుడు తమ కొట్టంలోని బొమ్మవేనని కొమురెల్లి పోల్చుకున్నాడు. ఇంటికొచ్చి పెళ్లాం ముందు కూలబడ్డాడు.

"మన బొమ్మ కాళ్లు దొరికినయే."

సమ్మమ్మకు అర్థం కావడానికి కొంత సేపు పట్టింది. అర్థమయ్యాక ఇంతెత్తున లేచింది.

"నువ్వు చెప్పినవా సారుకు?"

"చెప్పలే."

"చెప్పకు. ఒక బిడ్డను మట్టిల పెట్టిన. ఇంకోదాన్ని గుంజుకపోతరా?"

కానీ మర్నాడు సమ్మమ్మే పనుల చోటికి వచ్చింది. గోనెసంచి మీద ఒంటరిగా పడి ఉన్న ఆ పాదాలను చూసింది. వంగి వేళ్లు నిమిరింది. సారలమ్మను బొందలో దించినప్పుడు చివరిగా కనబడ్డవి పాదాలే. సారు దగ్గరికి తనే నడిచింది.

"పైసగం మా కొట్టంల ఉన్నది సారూ. తీస్కపోండ్రి. జర పైలంగ తియ్యిండ్రి, ముక్కు మొదలే పలిగున్నది."

గోడ విప్పుతుంటే ఆమె ఇంట్లో ఉండలేకపోయింది. గొడ్డును తోలుకొని చెరువు కట్ట మీదికి పోయింది. తిరిగొచ్చేసరికి గోడలో బొంద. బొమ్మ మీది పసుపు పోయేదాకా బ్రష్షులతో రుద్ది కడిగారని కొమురెల్లి చెప్పలేక చెప్పాడు.

రెండు సగాలనూ ఇనుప కడ్డీతో అతికించి, గద్దె మీద నిలబెట్టి, చుట్టూ కంచె కట్టారు. సమ్మమ్మ చాలా కాలం అటు పోలేదు. ఎనభైలలో ఒకసారి వాన వెలిసిన పూట, మేక తప్పిపోతే వెతుక్కుంటూ కంచె దాకా వచ్చింది. కావలి మొండయ్య గుర్తుపట్టాడు. లోపలికి ఎవరినీ పోనియ్యరాదని తెలిసీ, "పో సమ్మక్కా, ఎవ్వరు లేరు తియ్యి" అని గేటు తీశాడు.

ఆమె లోపలికి పోయి తలెత్తి చూసింది. కొట్టంలో పసిపిల్లంత ఎత్తులో ఉన్న ముఖం ఇప్పుడు తన తల మీదుగా ఎటో దూరంగా చూస్తోంది. చెయ్యి చాపింది. అందలేదు.

"నా బిడ్డ బతికుంటే గింత పెద్దగయ్యేది మొండన్నా. దాన్ని గూడ అందుకునేటందుకు నేను గిట్లనే తల ఎత్తుదును."

మొండయ్య మొహం పక్కకు తిప్పుకున్నాడు. సమ్మమ్మ బొమ్మ పాదాల మీది వాన నీళ్లను కొంగుతో తుడిచి, మేక అరుపు వినబడ్డ వైపు నడిచింది.