తెల్లకాగితం మీద సంతకాలు

నేను ముప్పై ఏళ్లకు పైగా లెక్కల టీచరుగా పనిచేశాను. బడి నారాయణగూడలో, ఇల్లు అశోక్ నగర్‌లో. చదవకుండా ఎక్కడా సంతకం పెట్టకండర్రా అని ఎంతమంది పిల్లలకు చెప్పానో లెక్కలేదు. అలాంటిదాన్ని, తెల్లకాగితాలు పట్టుకుని నాలా పక్క బస్తీలో ఇంటింటికీ తిరిగి, ఇంకా రాయని అర్జీ కింద సంతకాలు పెట్టించాను. ఒకాయన నన్ను మోసం చేశాడని చెప్పబోతున్నాను కాబట్టి ముందు ఈ సంగతి ఒప్పుకోవడం మర్యాద.

మా ఇల్లు వీధి చివర పల్లంలో ఉంటుంది. సెక్రటేరియట్ ఉద్యోగానికి గుడివాడ నుంచి వచ్చిన మా నాన్న దాన్ని కట్టించినప్పుడు వాకిట్లో ఐదు మెట్లుండేవి. రోడ్డు వేసిన ప్రతిసారీ పాత రోడ్డు తవ్వకుండా దాని నెత్తినే కొత్తది వేశారు. ఇప్పుడు ఒక్క మెట్టు మిగిలింది. ఇరుగుపొరుగువాళ్లు గేట్ల దగ్గర సిమెంటు గట్లు కట్టించుకున్నారు. గట్టున్న ఇంటికి రాని నీళ్లు గట్టులేని ఇంటికి వస్తాయి కదా, చిక్కడపల్లి మెయిన్ రోడ్డు నుంచి దిగే వాననీళ్లన్నీ మా హాల్లో సభ తీర్చేవి. సోఫా కాళ్ల కింద ఇటుకలు మా ఇంట్లో శాశ్వత సామాను.

పక్కింట్లో ఒక రిటైర్డ్ ఇంజినీరు గారున్నారు. ఆయన నన్ను చెల్లెమ్మా అంటారు, నేను అన్నయ్యగారూ అంటాను. మావారు చనిపోయిన ఏడాది బ్యాంకు పనులన్నీ ఆయనే దగ్గరుండి చేయించారు. ఆ ఇంటి ఆవకాయ, మా ఇంటి గోంగూర గోడమీదుగా అటూ ఇటూ తిరిగేవి. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ముక్కూమొహం తెలియనివాడు చేస్తే అది మోసమే. అన్నయ్య చేస్తే దానికి ఇంకో పేరు కావాలి, నాకింకా దొరకలేదు.

కిందటేడు మా వీధి ముంపు గురించి వార్డు ఆఫీసులో మీటింగు పెట్టారు. మూడు పద్ధతులున్నాయి, ఏది కావాలో కాలనీవాళ్లు, బస్తీవాళ్లు కలిసి రాసిమ్మన్నారు. అన్నయ్యగారు ఆ సాయంత్రమే మా ఇంటికొచ్చి, పాత క్యాలెండర్ కాగితం వెనక్కి తిప్పి, నాకు మూడు పద్ధతులూ గీసి చూపించారు.

నాలా వెడల్పు చేయడం మొదటిది. మంచిదే, కానీ నాలా గట్టు మీది బస్తీ గదులూ పోతాయి, వెనక వీధి బంగళాల ప్రహరీలూ పోతాయి. గదులవాళ్లు ఏడుస్తారు, బంగళాలవాళ్లు కోర్టుకెళతారు, పని ఆగిపోతుంది. రెండోది మా వీధి పొడుగునా పెద్ద పైపు వేసి నీళ్లను నేరుగా నాలాలోకి తోసేయడం. మూడోది పార్కు కింద పెద్ద ట్యాంకు కట్టి, వాన జోరు మీదున్నంతసేపూ నీళ్లను అందులో ఆపి, నాలా తగ్గాక మెల్లగా వదలడం. దానికి తోడు ఇంటికో ఇంకుడు గుంత. "ఇంకుడు గుంతలు మంచివే గానీ మన కింద ఉన్నది రాయి చెల్లెమ్మా. అది కాసిని తాగి నోరు మూసుకుంటుంది. ట్యాంకే దిక్కు" అన్నారు.

"పైపు తేలిక కదండీ?" అన్నాను.

"మనకు తేలికే. ట్యాంక్ బండ్ కింద నుంచి వచ్చే నీళ్లతో నాలా అప్పటికే నిండి ఉంటుంది. అందులోకి మన నీళ్లు కూడా ఒక్క ఊపున తోస్తే గట్టు మీది బస్తీ గతేంటి? నీళ్లను వదిలించుకోవడం కాదు, నిదానించేలా చేయాలి."

నేను ముగ్ధురాలినైపోయాను. ఇంత బాగా లెక్క చెప్పేవాళ్లు నాకు స్టాఫ్ రూములో కూడా దొరకలేదు.

ఆయన చెప్పిన బస్తీలో, నాలాకి ఆనుకుని ఉన్న చివరి గదిలో, మా ఇంటికి వంటకు వచ్చే అక్క ఉంటుంది. పాలమూరు నుంచి భర్తతో కూలిపనికి వచ్చింది, అతను పోయాక కూతురితో ఇక్కడే ఉండిపోయింది. పద్దెనిమిదేళ్లుగా మా వంటిల్లు ఆమెదే. కూతురు ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. గట్టిగా వానొస్తే తల్లీకూతుళ్లు కుట్టుమిషన్‌ను మంచం మీదికెత్తి, దాని పక్కన వాళ్లు కూర్చుంటారు. గడప దాకా వచ్చి ఆగే నీళ్లు లోపలికొస్తే వాళ్లకు వేరే చోటు లేదు.

సంతకాల పని నా మీద పడింది. అన్నయ్యగారు తెల్లకాగితాలు చేతికిచ్చారు. పైన సగం పేజీ ఖాళీ, కింద వరుస నంబర్లు. కోచింగ్ సెంటర్ల పిల్లల పుణ్యమాని మా వీధి మొగలోనే నాలుగు జిరాక్సు షాపులు, అర్జీ టైపు చేయించడం ఎంతసేపు? "అది తర్వాత చూద్దాం. ఆదివారం దాటితే బస్తీలో మగాళ్లు దొరకరు, ముందు సంతకాలు పట్టుకురా" అన్నారు. నాకేమీ వింతగా తోచలేదు. మంచినీళ్ల కోసమైనా వీధిదీపాల కోసమైనా మా కాలనీ అర్జీలన్నీ ఇలాగే పుట్టాయి. ముందు సంతకాలు పుడతాయి, తర్వాత కోరిక పుడుతుంది.

మొదట అక్క గదికే వెళ్లాను. ఆమె కాగితం అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఏం రాసిన్రు టీచరమ్మా గిండ్ల? మీద అంత ఖాళీనే ఉన్నది."

"పార్కు కింద ట్యాంకు కట్టమని రాస్తాం. అది కడితే నీళ్లు ఒక్కసారిగా మీ మీదికి రావు."

"గట్లనా" అని వేలిముద్ర వేసింది. తర్వాత ఆమే నాతో వచ్చి తలుపులు తట్టింది. "టీచరమ్మ వచ్చింది, పెట్టున్రి" అంటే అందరూ పెట్టారు. నేను గర్వంగా కాగితాలు తెచ్చి అన్నయ్యగారి చేతిలో పోశాను. ఆయన వాటిని ఫైల్లో పెట్టుకుంటూ, నువ్వు కార్పొరేటర్‌గా నిలబడొచ్చు చెల్లెమ్మా అని నవ్వారు. నేనూ నవ్వాను.

ఎండాకాలంలో మా వీధిలోకి లారీల మీద సిమెంటు పైపులు దిగాయి. మనిషి వంగి నడిచిపోయేంత పైపులు. ట్యాంకుకి ఇంత పైపులెందుకని పని చూస్తున్న సూపర్‌వైజరును అడిగాను.

"ట్యాంకు ఏంది మేడం? ఇది నాలా దాంక పైపు లైన్. మీ కాలనోళ్లే అడిగిన్రు, బస్తీవాళ్లు గూడ సంతకాలు పెట్టిన్రు" అని ఫోనులో ఫొటో చూపించాడు. చక్కగా టైపు చేసిన అర్జీ. పార్కు తవ్వరాదని, వీధి వెంట పైపు వేసి నాలాలో కలపాలని కోరుతున్నాం అని ఉంది. దాని కింద ఒకటో నంబరు దగ్గర అక్క వేలిముద్ర, పక్కన ఆమె పేరు నా దస్తూరీతో.

తడిగుడ్డతో గొంతు కోయడం అని చిన్నప్పటి నుంచీ వింటూనే ఉన్నాను. అదెలా ఉంటుందో ఆ పూట తెలిసింది.

నేరుగా ఆయన ఇంటికి వెళ్లాను. ఆయన కంగారు పడి ఉంటే కాస్త బాగుండేది. కుర్చీ చూపించి, కాఫీ తాగుతావా అన్నారు.

"ట్యాంకు శాంక్షను కావాలంటే ఏళ్లు పడుతుంది చెల్లెమ్మా. పార్కు తవ్వితే పొద్దున్నే వాకింగుకి వెళ్లేవాళ్లు ఊరుకోరు. వచ్చేదే అడగాలి. పైపు ఈ వానలకే అయిపోతుంది."

"బస్తీవాళ్ల సంతకాలు దీనికి ఎలా పెట్టారండీ?"

"నాలా పక్కవాళ్లు కూడా అడిగారంటే ఆఫీసులో బరువు. వాళ్లు పెట్టింది తెల్లకాగితం మీదేగా?" అని, నా మొహం చూసి గొంతు తగ్గించారు. "నీ ఇంట్లోకి నీళ్లు రాకూడదనే కదా ఇదంతా. ఎవరికోసం చేశాననుకున్నావు?"

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టు అంటారు. అయితే నాకు మండిపోయింది ఆయన చెప్పిన అబద్ధానికి కాదు, ఆ చివరి మాటకు. ఆయన చేసిన పాపంలో నా వాటా నాకు కట్టబెట్టి, కాఫీ చల్లారిపోతోందన్నారు.

వార్డు ఆఫీసుకి వెళ్లాను. పని మొదలైపోయింది, ఇప్పుడేం చేయలేం మేడం అన్నారు. రెండు ఉత్తరాలు రాశాను, జవాబు లేదు. అక్కకు మాత్రం చెప్పలేదు. ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు గానీ రాయాలి. పొద్దున్నే వచ్చి, "ఏం తవ్వుతున్నరు టీచరమ్మా, ట్యాంకా?" అని ఆమె అడిగితే, "ఏదో పనిలే" అన్నాను. పులుసులో ఉప్పు చూసి చాలంటూ మాట మార్చేశాను. వానలు సరిగ్గా పడకపోతే బాగుండునని రోజూ అనుకునేదాన్ని.

పడ్డాయి. ఒక మధ్యాహ్నం మొదలై రెండు గంటలు ఎడతెరిపి లేకుండా కొట్టింది. మా వీధిలో చుక్క నిలవలేదు. జనం బాల్కనీల్లోకి వచ్చి రోడ్డును కొత్త పెళ్లికూతుర్ని చూసినట్టు చూశారు. అన్నయ్యగారు గోడ మీదుగా చెయ్యి ఊపారు. నా హాలు పొడిగా ఉంది. ఎన్నో ఏళ్ల తర్వాత వానాకాలంలో పొడి నేల మీద నిలబడి, నా మొహం నేను చూసుకోలేకపోయాను.

గొడుగు తీసుకుని బస్తీకి వెళ్లాను. నాలా గట్టు దాటి పొర్లుతోంది. అక్క గదిలో మోకాలి లోతు నల్లటి నీళ్లు. ఈసారి మిషన్ ఎత్తే వ్యవధి కూడా దొరకలేదట. కూతురు మంచం మీద కూర్చుని, ఎవరివో పట్టు జాకెట్లు ఒక్కొక్కటే పిండుతోంది. అక్క బకెట్‌తో నీళ్లు ఎత్తిపోస్తోంది. పోసినవి పోసినట్టే తిరిగి లోపలికి వస్తున్నాయి.

అప్పుడు చెప్పాను. గుమ్మంలో నిలబడి అంతా చెప్పాను. కాగితం, అర్జీ, పైపు, అన్నయ్యగారు, ఆయన నన్ను ఎలా మోసం చేశాడో అన్నీ. మోసం అనే మాట రెండు మూడుసార్లు అన్నాను.

ఆమె బకెట్ ఆపలేదు. "నీ ఇంట్ల వచ్చినయా నీళ్లు?" అంది.

"రాలేదు."

తల ఊపింది. ఆ ఊపులో కోపం వెతికాను, కనబడలేదు. "ఆయన చేసిన పనికి నీకు కోపం రావడం లేదా అక్కా?" అన్నాను.

"ఆయన నాకేమైతడు టీచరమ్మా? ఆయన మొఖం గూడ నాకెరుక లేదు. నేను వేలు వెట్టింది నిన్ను జూసి" అంది. నేను బకెట్ అందుకోబోతే ఇవ్వలేదు.