అట్ట లేని రికార్డు

దాదాపు నలభై ఏళ్ళ కిందట ఒక హాల్లో నన్ను అందరి ముందూ ఒక ప్రశ్న అడిగారు. దానికి జవాబు మూడే మాటలు: "మా బావ కనిపెట్టాడు." ఆ మూడు మాటలూ నేను అనలేదు. పోయిన నెల ఒక అమ్మాయి ఫోన్ చేసింది. బీచ్ రోడ్డులో ఒక కాఫీ హోటల్లో పాత ఎల్పీ రికార్డులు వినే కుర్రకారు నెలకోసారి కూడుతున్నారట. "అంకుల్, వైజాగ్‌లో రాక్ సంగీతం గురించి మొదట రాసింది మీరేనంట కదా. మీకిష్టమైన బ్యాండ్ల గురించి, ఎవరూ పట్టించుకోని మంచి రికార్డుల గురించి మాట్లాడాలి" అంది. సరేనన్నాను.

నాకిష్టమైన పెద్ద బ్యాండ్లు నాలుగున్నాయి. వాటి పేర్లు ఇక్కడ రాయను. లోకమంతా ఎరిగినవాళ్ళు, వాళ్ళకి నా సిఫార్సు అక్కర్లేదు. ఒకరు గిటారుని గుర్రంలా దౌడు తీయించేవాళ్ళు, ఒకరు ఒక్క పాటని రికార్డు ఒక పక్కంతా సాగదీసేవాళ్ళు. వాళ్ళంటే నాకు ఇప్పటికీ ప్రాణమే. కానీ నా చెవులు తెరుచుకున్నది వాళ్ళ వల్ల కాదు. వన్ టౌన్‌లో ఒక సందు చివర, ఓడల మీంచి దిగిన సామాన్లమ్మే దుకాణం వల్ల, అక్కడ పరిచయమైన బావ వల్ల.

బావ అంటే చుట్టరికం ఏమీ లేదు. మా వైపు మగాళ్ళు ఒకర్నొకరు పిలుచుకునే బావే. మాది పద్మనాభం దగ్గర వరి పండించే కుటుంబం. అతనిది భీమిలి దారిలో సముద్రం మీద బతికే కుటుంబం. నాకంటే పదేళ్ళు పెద్ద. తెల్లారేలోపు వేటకెళ్ళి, పదింటికల్లా ఆ దుకాణం పక్క హోటల్‌కి చేపలు వేసేవాడు. నేను చిన్నాన్న అద్దెగదిలో ఉండి కాలేజీలో చదువుకునేవాణ్ణి. చిన్నాన్న స్టీల్‌ప్లాంట్ కట్టుబడి పనుల్లో ఉండేవాడు. మొదటి జీతం అందగానే ఒక రికార్డు ప్లేయర్ కొన్నాడు. ఆ తర్వాత దాన్ని వినే తీరిక ఆయనకి ఏనాడూ దొరకలేదు. ఆ అదృష్టం నాకు పట్టింది.

ఆ దుకాణంలో నావికులు వదిలించుకున్న కోట్లు, గడియారాలు, బూట్లతోపాటు రికార్డులు కూడా గుట్టగా పడి ఉండేవి. మంచి అట్ట, అట్ట మీద మంచి బొమ్మ ఉన్నవి బంగళాల పిల్లలు కార్లలో వచ్చి ఏరుకుపోయేవారు. మిగిలేవి అట్ట లేనివి, మధ్యనున్న కాగితం ఉప్పుగాలికి ఊడిపోయినవి. ఎవరు వాయించారో, ఏ పాటో తెలీదు. వాయించి చూద్దామంటే దుకాణంలో ప్లేయర్ లేదు. కొనేవాడు కంటితోనే ఎంచుకోవాలి.

బావ ఎంచే పద్ధతి మొదటిసారి చూసినప్పుడు నాకు నవ్వొచ్చింది. రికార్డుని అరచేతుల అంచుల మధ్య పట్టుకుని వీధిలోకి వచ్చి, ఎండకి ఏటవాలుగా వంచి, ఒక కన్ను మూసి చూసేవాడు. పడవ మీద నిలబడి నీటిని చూసి చేపల గుంపు ఎక్కడుందో చెప్పేవాళ్ళు అలా చూస్తారు. గట్టిగా వాయించిన చోట గీతలు బూడిదరంగులో గరుగ్గా ఉంటాయి, మెల్లగా వాయించిన చోట నల్లగా నున్నగా ఉంటాయి. ఈ సంగతి ఎవరూ చెప్పకుండానే అతను పట్టేశాడు. నాకు ఆ గీతల్లో దున్నిన చాళ్ళు కనిపించేవి, అతనికి కెరటాలు.

"ఇది ఒగ్గీ బావా. మొదుల్నించి సివరిదాకా కెరటాలే. అంతా గోల." దాన్ని పక్కన పడేసి ఇంకోటి తీసేవాడు. "ఇదిగో, ఇటు సూడు. పైన నల్లటి నీరు. లోపలికెల్లే కొద్దీ బూడిదైపోతన్నాది. అంటే నెమ్మదిగా ఒచ్చి ఒక్కసారి లెగిసిందన్నమాట. ఇందులో సేప ఉన్నాది."

పదిలో ఎనిమిదిసార్లు ఉండేది. ఒకసారి మాత్రం బోల్తా పడ్డాడు. అంచు నుంచి మధ్య దాకా సమానంగా నల్లగా మెరుస్తున్న రికార్డు ఎంచాడు. గదికి తెచ్చి పెడితే, ఎవరో పెద్దాయన ఏదో దేశం భాషలో పాఠాలు చెప్తున్నాడు. బావ రెండో పక్క కూడా తిప్పించి చివరిదాకా విని, "పంతులు గొంతు బాగున్నాది" అన్నాడు.

అలా దొరికిందే మేము 'నల్లది' అని పిలుచుకున్న రికార్డు. రెండో పక్క ఆఖరి పాట. పడవ ఇంజను దూరం నుంచి వస్తున్నట్టు లావు తీగల గిటారు మొదలవుతుంది. మూడు నిమిషాలు అదొక్కటే. తర్వాత డ్రమ్ములు మెట్లెక్కి వస్తాయి, ఆ తర్వాత ఒక గొంతు, పాడుతోందో పిలుస్తోందో చెప్పలేం. పాట అయిపోయాక మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. బావ కళ్ళు తుడుచుకుని, "ఆళ్ళు పారేసినోటి మనకి దొరికింది. ఇది ఆళ్ళకి ఇనిపించాల" అన్నాడు.

ఆళ్ళంటే బంగళాల పిల్లలు. అప్పట్లో మా కాలేజీ ఇంగ్లిష్ లెక్చరర్ గారు శనివారం సాయంత్రాలు మెట్ట మీద ఒక హాల్లో వాళ్ళని కూర్చోబెట్టి రికార్డులు వినిపించేవారు. తలా ఒకటి తెచ్చి, దాని గురించి నాలుగు మాటలు చెప్పాలి. నాకు పిలుపు వచ్చింది. బావ అడిగింది ఒక్కటే. "ఎలాగ ఏరుకున్నామో సెప్పు బావా. ఎండకి వంచి సూపించు. సేపలోడి కన్ను ఏటికి పనికొత్తాదో ఆళ్ళకీ తెల్లాల." ఆరోజు ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. ప్లేయర్‌ని భుజాన పెట్టుకుని బస్సులో, తర్వాత మెట్ట మీదికి కాలినడకన అతనే మోశాడు.

పాట అవగానే చప్పట్లు. లెక్చరర్ గారు లేచి నిలబడ్డారు. "ఇన్నేళ్ళుగా వింటున్నాను, ఇది నాకు తెలీదు. ఎలా కనిపెట్టావు?" అన్నారు. వెనక గోడ దగ్గర బావ నిటారుగా నిలబడ్డాడు. నాకు చుట్టూ వినిపిస్తున్న ఇంగ్లిష్ మాటల మధ్య మా యాస, చేపల బుట్ట, సందు చివరి దుకాణం, అన్నీ ఒకేసారి గుర్తొచ్చి సిగ్గేసింది. "లండన్ పత్రికలో చదివానండీ" అన్నాను. పక్కన కూర్చున్నవాడు వెనక్కి చూసి అతనెవరని అడిగాడు. "సామాన్లు మోసుకొచ్చాడు" అన్నాను.

బయటికొచ్చాక బావ ప్లేయర్‌ని మళ్ళీ భుజానికెత్తుకున్నాడు. మెట్ట దిగేదాకా నాకు ముందే నడిచాడు. దిగాక, "ఆ లండన్ పత్రికలో రాసినోడు మంచోడు బావా, కళ్ళు బాగున్నాయ్ ఆడికి" అన్నాడు. గది దాకా మోసి, గుమ్మంలో దించి వెళ్ళిపోయాడు. మళ్ళీ ఆ గది మెట్లెక్కలేదు. దుకాణం దగ్గర ఎదురుపడితే నవ్వేవాడు, అంతే.

నేను మాత్రం పైకొచ్చాను. పత్రికల్లో శీర్షికలు రాశాను. నా వ్యాసాల్లో జనం ఎక్కువగా మెచ్చుకున్న మాట 'నల్లటి నీరు'. అది ఎవరిదో మీకిప్పుడు తెలుసు.

ఆ అమ్మాయి ఫోన్ వచ్చిన మర్నాడు బస్సెక్కి భీమిలి దారిలో అతని పేటలో దిగాను. ఇంటి ముందు వల బాగుచేసుకుంటున్నాడు. జుట్టు పూర్తిగా తెల్లబడింది, ఒక కంటికి ఆపరేషన్ అయ్యింది. సంగతి చెప్పి రమ్మన్నాను.

"ఇప్పుడేటికి బావా. అయినా ఆ ప్లేయరెవుడు మోత్తాడు? నా భుజం పోయింది."

"నాను మోత్తాను" అన్నాను. ఎన్నేళ్ళయిందో నా నోట ఆ 'నాను' వచ్చి. అతను వలలోంచి తలెత్తి నన్ను పరీక్షగా చూశాడు. "బరువుంతాది మరి" అన్నాడు.

మోశాను. నిజంగానే బరువు. కాఫీ హోటల్లో ఓ ముప్పైమంది పిల్లలున్నారు. నేను లేచి, "ఈయన మా బావ. 'నల్లది' కనిపెట్టింది ఈయన. నల్లటి నీరు అన్న మాట ఈయనది. నేను సామాన్లు మోసుకొచ్చినవాణ్ణి" అన్నాను. పిల్లలు నవ్వబోయి, నా మొహం చూసి ఆగారు. బావ రికార్డుని అరచేతుల అంచుల మధ్య పట్టుకుని కిటికీ దగ్గరికి నడిచి, ఎండకి వంచి, బాగున్న కన్నుతో చూసి, ఆఖరి పాట ఎక్కడ మొదలవుతుందో వేలితో చూపించాడు. సూది సరిగ్గా అక్కడే దిగింది. పాట మొదలవగానే ఆ అమ్మాయి ఫోన్‌ని ప్లేయర్ దగ్గర పెట్టి అదే పాటో వెతికించింది, దాని పేరు ఫోనుకి కూడా దొరకలేదు. ముప్పైమంది పిల్లలు మా బావ చుట్టూ మూగి తలా ఒక రికార్డు పట్టుకుని ఎండకి వంచుతుంటే, నా జన్మలో అంత గర్వపడ్డ రోజు ఇంకోటి లేదు.

దాటిపోయిన ఏళ్ళని కూడా అలా వెలుగుకి వంచి చూస్తే, నేను మాట్లాడకుండా ఊరుకున్న ఒక్కచోటే అన్నిటికంటే నల్లగా ఉంది. అతని పక్కకెళ్ళి కూర్చుని, అందరికీ వినపడేలాగే అన్నాను: "ఆరోజు అబద్ధమాడాను బావా. లండనూ నేదు, పత్రికా నేదు. తప్పు నాది. నన్ను క్షమించు."