చెవి మెలేస్తే లెక్క వస్తుందా?

నా చిన్నప్పుడు మా ఇంద్రేశంలో పిల్లను బడిలో వేసేటప్పుడు తండ్రి పంతులుకు దండం పెట్టి, "కండ్లు రెండు ఇడిసిపెట్టి తోలు ఒలువుండ్రి సారూ!" అనేవాడు. అదేదో గొప్ప మర్యాద అన్నట్టు! మా నాయన కూడా అన్నాడు. ఇప్పుడు తలచుకున్నా నాకు ఒళ్ళు మండుతుంది.

మూడో తరగతిలో నాకు ఏడో ఎక్కం రాలేదు. అంతకుముందు ఎక్కాలన్నీ గడగడా అప్పజెప్పినదాన్నే. ఆ యేడు ఎడమ చెవిలో పోటు. చెబితే సాకు అంటారని చెప్పలేదు. ఎక్కం తప్పిన ప్రతిసారీ పంతులు ఆ చెవే పట్టుకొని మెలిపెట్టేవాడు. అప్పుడు వచ్చిన నాలుగు ముక్కలూ ఎగిరిపోయేవి. ఆయన వేళ్ళకు అంటిన సుద్ద వాసన ఇప్పటికీ గుర్తుంది, ఆ రోజుల్లో చెప్పిన పాఠం మాత్రం ఒక్కటీ గుర్తులేదు.

చివరికి పంతులు, "దీని తలకాయల మట్టి ఉన్నది" అని తేల్చేశాడు. మా నాయన అప్పుడే కొత్తగా కంపెనీ పనికి కుదిరాడు, లెక్కల్లో తనను మించినవాడు లేడని ఆయనకు మహా గర్వం. "రేపటికెంచి బడి బంద్. బర్లెంట పో" అని బర్రెలు కాసే పని అప్పజెప్పాడు. నేను ఏడ్చి ఏడ్చి పడుకున్నాను.

పొద్దున పక్క దులుపుతూ మా నాయనమ్మ దిండు మీద చీము మరక చూసింది. నా చెవి వెలుతురుకు తిప్పి చూసి బయటికి నడిచింది. చాయ్ తాగుతున్న మా నాయన చెవి పట్టుకొని బలంగా మెలేసింది.

"చెప్పు బిడ్డా, ఏడెనిమిదులెంత?"

"అవ్వా, ఇడువే! నొస్తున్నది!"

"ఏడెనిమిదులెంతరా?"

"యాభై... అరవై... అబ్బా, ఇడువే!"

"లెక్కల మొనగాడివి కదరా, ఏమాయె? పిల్లకు చెవిల చీము పట్టింది. ఆ పంతులు దాన్నే మెలేస్తుంటే దానికి ఎక్కమెట్లొస్తది? బడి బంద్ చేస్తవా? జెర సిగ్గుండాలె!"

మా నాయన చాయ్ గ్లాసు పక్కన పెట్టి లేచాడు. ఆ రోజే నన్ను పటాన్‌చెరు దవాఖానకు తీసుకుపోయాడు. మందు చుక్కలు పడి పోటు తగ్గాక ఏడో ఎక్కం దానంతటదే నోటికొచ్చింది. నా బుర్ర బాగానే ఉంది, పాపం, ఇన్నాళ్ళూ చెవి దగ్గర కాపలా కూర్చుంది. బడి మానలేదు, పదో తరగతి దాకా చదివాను. ఆ చెవికి మాత్రం నేటికీ సగమే వినబడుతుంది. పంతులు వచ్చి ఒక్క మాట అడిగిన పాపాన పోలేదు.

మొన్న బీరంగూడలో మనవరాలి ట్యూషన్‌కు వెళ్తే టీచర్, "చెప్పిందల్లా మర్చిపోతోందండీ. రెండు తగిలిస్తే గుర్తుంటుంది" అంది. ఇన్నేళ్ళైనా అదే మాట! "చెయ్యి ఎత్తి చూడమ్మా, నీ సంగతి చెప్త" అన్నాను. నా గొంతుకు పిల్లలంతా తలలెత్తారు.

మా నాయనమ్మ నుంచి నాకు మిగిలింది ఆ కోపమొక్కటే కాదు. మనవరాలిని దగ్గరికి తీసుకున్నాను.

"ఎక్కడ నొస్తున్నది బిడ్డా?"

పిల్ల వెంటనే నోరు తెరిచి దవడ పన్ను చూపించింది.