ఏడో భాగం చదివిన అరగంట

ఎన్నో ఏళ్లుగా ఒక అరగంటను మోస్తున్నాను. బరువులెత్తే ఉద్యోగం కాదు నాది. గోదావరిఖనిలో ఒక బొగ్గు బాయి పైన, ల్యాంపురూములో కూర్చునే ఉద్యోగం. అయినా నడుము వంగింది.

డెబ్భైల నాటి మాట. దిగేవాళ్లకు టోపీ లైట్లు ఇవ్వాలి. ఎక్కివచ్చినవాళ్ల దగ్గర తీసుకుని నంబరు ప్రకారం అరల్లో పెట్టాలి. షిఫ్టు పైకి వచ్చాక ఏ అర ఖాళీగా ఉంటే ఆ మనిషి ఇంకా లోపలే ఉన్నట్టు. వెంటనే షిఫ్టు అజమాయిషీ చూసే ఓవర్‌మెన్‌కు చెప్పాలి. ఇంత తేలిక పని కాబట్టే నాకిచ్చారు.

నాకప్పుడొక పిచ్చి, పన్నెండు భాగాల మాంత్రికుల నవల. అద్దె పుస్తకాల కొట్టులో ఒక భాగం తిరిగిస్తేనే ఇంకోటి ఇచ్చేవారు. చదివిన కథ రాజయ్య బావకు చెప్పేవాణ్ణి. బొగ్గు నింపే మనిషి. చదువు రాదు, వినడంలో మాత్రం పండితుడు. ఆరో భాగం చివర రాకుమారుడు గుహలో చిక్కుకుంటే, బావ రెండు రోజులు నన్ను సతాయించాడు.

ఆ మధ్యాహ్నం మొదటి షిఫ్టు పైకి వచ్చింది. లైట్లు సర్దాను. ఒక అర ఖాళీ. రాజయ్య బావది.

చూశాను. స్పష్టంగా చూశాను. కానీ ఒళ్లో ఏడో భాగం ఉంది, అందులో రాకుమారుడి కాగడా ఆరిపోబోతోంది. బావ లైటు ఇవ్వకుండానే పైన ఎక్కడో బీడీ తాగుతుంటాడులే అనుకున్నాను. నిజంగా అనుకున్నానా? లేక పేజీ తిప్పడానికి ఏదో ఒకటి అనుకోవాలి కాబట్టి అనుకున్నానా? ఈ అధ్యాయం కానిద్దాం అనుకున్నాను. రాకుమారుడి కోసం నా అరచేతులు చెమర్చాయి. అరగంటకు వాడు బయటపడ్డాడు. అప్పుడు లేచి ఓవర్‌మెన్ దగ్గరికి వెళ్లాను.

"రాజయ్య లైటు రాలే సార్. ఇప్పుడే చూసిన."

మరిచిన పార కోసం వెనక్కి వెళ్లినవాడి కాలి మీద గని కప్పు నుంచి బండ పడిందట. మోకాలి దాకా తీసేశారు. కొంచెం ముందు తెస్తే కాలు దక్కేదేమోనని డాక్టరు ఎవరితోనో అంటుంటే విన్నాను. నాతో కాదు. కాబట్టి నేను జవాబు చెప్పనక్కర్లేకపోయింది.

వారానికి దవాఖానకు వెళ్లాను.

"రా బామ్మర్దీ. నువ్వు చూడకపోతే గాడనే బొగ్గయిపోతుంటి," అన్నాడు బావ.

"గట్లనకు బావ."

"గట్లగాక ఎట్లంటరు? గది సరే గని, గుహల పోరడు బయటవడ్డడా?"

"పడ్డడు."

"ఎవలు తీసిన్రు?"

"ఎవ్వలు తియ్యలే. తనే వచ్చిండు."

"గట్టోడే. నాకైతే నువ్వుంటివి. పో, పుస్తకం తెచ్చి చదువు. ముక్క గూడ ఇడువకు."

తెచ్చి చదివాను. మధ్యలో ఒకే వాక్యం రెండుసార్లు చదివితే, కథ బాగుండి అనుకున్నాడు. దీనికన్నా సిగ్గుపడే సంగతి ఒకటుంది. రెండోసారి కూడా ఆ అధ్యాయం నాకు బాగుంది.

ఆ తర్వాత పన్నెండు భాగాలూ ఆయనకు వినిపించాను. నా భాగం మాత్రం చెప్పలేదు. తిడతాడని భయమా? కాదు. "పోనీ తియ్యి" అంటాడని భయం. అన్నాక ఆయన ఊతకర్ర చప్పుడు రోజూ ఎలా వినను? బావ పోయి ఆరేళ్లయింది. ఇప్పుడు ఆ మాట అనేవాళ్లు లేరు, క్షమించమని అడిగే హక్కూ నాకు లేదు. రాశాను, అంతే. ఊపిరి మాత్రం కొంచెం లోతుగా ఆడుతోంది.

నేను కనబడితే ఆయన కొడుకులు ఇప్పటికీ లేచి నిలబడతారు, నాయన పానం కాపాడిన మామ వచ్చిండని. ఈ కాగితం మొదట వాళ్లకే ఇస్తున్నాను. ఇక వాళ్లు కూర్చునే ఉండవచ్చు.